తెరమీది అంటుచీటీలు
(మన గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నాకు ముందు మాటలాడిన పెద్దలు గ్రంథాలయోద్యమమును గూర్చియు, సాహిత్యమును గూర్చియు గంభీరముగా ప్రసంగించిరి. కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయము మిక్కిలి చిన్నది. కంప్యూటరు తెరమీద మనము అంటించుకొను చీటీలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమనిరి. ఇంగ్లీషువారు వీనిని స్టికీ నోట్స్ అందురు. నేను అంటుచీటీలని పిలిచెదను. విషయము చిన్నదే యైనను, దీనివలన కలుగు లాభనష్టములు చిన్నవి కావు. పల్లెటూరిలో ఒక తేదీ మఱచిన ఫలితముగా ఒక ముసలివాని పింఛను ఆగును. ఒక అంకె బయటపడిన ఫలితముగా ఒక కుటుంబము కూడబెట్టిన సొమ్ము మాయమగును. కావున ఓపికతో వినవలసినదిగా కోరుచున్నాను.

నేను లెక్కలు వ్రాసి జీవించువాడను. పట్వారీల వ్యవస్థ 1984లో రద్దయినది గనుక నన్నెవ్వరును కరణమని పిలువరు. ఐనను కరణములను గూర్చి సుమతీ శతకకారుడు సెలవిచ్చిన పద్యములు మీలో పలువురకు కంఠస్థములని నాకు తెలియును. మఱపును గూర్చి ఉపన్యసించువాడనైనను, ఈ ఒక్క పూటకు ఆ పద్యములను మఱచిపొండని మిమ్ములను వేడుకొనుచున్నాను.

జ్ఞాపకమునకు ఆధారముగా ఒక గుర్తు పెట్టుకొనుట మనకు క్రొత్త కాదు. మన అమ్మమ్మలు సంతకు బోవునపుడు కొంగున ముడివేసికొనెడివారు. ముడి చేతికి తగిలినంతనే పసుపో, ఉప్పో తేవలెనని గుర్తునకు వచ్చెడిది. పాలుపోయు ఆమె తలుపుప్రక్క గోడమీద బొగ్గుతో గీతలు గీసెడిది. నెల తిరుగగానే ఆ గీతలే పద్దు. వచ్చిన ఉత్తరమును చూరులో దోపుదురు. షావుకారు చీటీలను ఇనుపతీగకు గ్రుచ్చి వ్రేలాడగట్టును. వీని యన్నింటి ధర్మ మొక్కటే. మనస్సు పనిలో మునిగియున్నను కంటికి కనబడుచుండవలెను. పని తీరినంతనే తొలగిపోవలెను. కొంగుముడి ఇల్లు చేరిన తరువాత విప్పబడును. విప్పని ముడికి అర్థము లేదు.

కాగితపు అంటుచీటీ పుట్టిన కథ వినదగినది. అమెరికా దేశమున మిన్నెసోటా రాష్ట్రమందలి త్రీఎమ్ కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1968లో గట్టి జిగురుకొరకు పరిశోధనలు చేయుచుండగా ఒక బలహీనపు జిగురు తయారైనది. అది అంటును, కాని లాగిన వెంటనే ఊడివచ్చును. మరల మఱొకచోట అంటును. దానితో ఏమి చేయవలెనో కొన్ని సంవత్సరములు ఎవ్వరికిని తోచలేదు. అదే కంపెనీలో పనిచేయు ఆర్ట్ ఫ్రై అను నాతడు చర్చిలో భక్తిగీతములు పాడువాడు. పాటల పుస్తకములో గుర్తుకొరకు పెట్టుకొన్న కాగితపు ముక్కలు జారిపోవుచుండుట ఆతనికి చీకాకు కలిగించెడిది. 1974లో ఆతనికి ఆ జిగురు గుర్తునకు వచ్చినది. పుట నంటిపెట్టుకొని యుండి, తీసినపుడు పుట చిఱుగకుండ వచ్చు గుర్తుచీటీ యట్లు పుట్టినది. 1980లో ఆ పసుపుపచ్చని చీటీలు పోస్ట్ ఇట్ అను పేర అమెరికా దేశమంతట అమ్మకమునకు వచ్చినవి.

ఈ కథలో గ్రహింపవలసిన దేమనగా, ఆ జిగురునకు గల బలహీనతయే దానికి గుణమైనది. మన పెద్దలు తామరాకుమీది నీటిబొట్టును గూర్చి చెప్పుదురు. అంటియు అంటనట్లుండుట దాని లక్షణము. చీటీకి కావలసినదియు అదియే.

కాగితమునుండి ఈ చీటీ తెరమీదికి ఎక్కినది. ఆపిల్ కంపెనీవారు 1994లో తమ మెకింటోష్ యంత్రములకొరకు విడుదల చేసిన సిస్టమ్ 7.5తోబాటు స్టికీస్ అను చిన్న ప్రోగ్రామును చేర్చిరి. దానిని వ్రాసినవాడు జెన్స్ ఆల్ఫ్కే. మన ప్రాంతమున ఎక్కువగా వాడుకలోనున్న విండోస్ యంత్రములందు 2007లో వచ్చిన విస్టాతో ఈ చీటీలు కనబడినవి. 2009లో వచ్చిన విండోస్ 7లో ప్రత్యేకమైన ప్రోగ్రాముగా స్థిరపడినవి. 2016లో విండోస్ 10నందు క్రొత్త రూపము దాల్చినవి. 2018నుండి ఒక యంత్రమునందు వ్రాసిన చీటీ మఱొక యంత్రమునందును, చేతిఫోనునందును కనబడు ఏర్పాటు కలిగినది.

వాడు విధానము పసిపిల్లలకుగూడ సాధ్యమైనది. స్టార్టు గుర్తు నొక్కి స్టికీ నోట్స్ అని టైపు చేసినచో ప్రోగ్రాము తెఱచుకొనును. కూడిక గుర్తు నొక్కినను, కంట్రోల్ మీటతో ఎన్ అక్షరము నొక్కినను క్రొత్త చీటీ పుట్టును. చీటీ తలపైనున్న మూడు చుక్కలు నొక్కినచో ఏడు రంగులు కనబడును. తెలుగులో వ్రాయగోరువారు విండోస్ భాషల పట్టికలో తెలుగును చేర్చుకొని, విండోస్ మీటతో స్పేస్‌బారు నొక్కి భాష మార్చుకొనవచ్చును. ఇన్‌స్క్రిప్ట్ అలవాటు లేనివారికి, ఇంగ్లీషు అక్షరముల ఉచ్చారణనుబట్టి తెలుగు వచ్చు పద్ధతి 2019నుండి విండోస్‌లోనే యున్నది. తెలుగు తెలిసినవారు తమ జ్ఞాపకములను తెలుగులోనే వ్రాసికొనుట మేలు. అరకొర ఇంగ్లీషులో వ్రాసిన చీటీని మూడు దినముల తరువాత వ్రాసినవాడే చదువలేకపోవుటను నేను పలుమార్లు చూచితిని.

ఒక ముఖ్యమైన జాగ్రత్త చెప్పవలసియున్నది. విండోస్ 7 యంత్రమందు చీటీ కొసనున్న గుణకార చిహ్నమును నొక్కినచో ఆ చీటీ చెఱగిపోవును. విండోస్ 10, 11 యంత్రములందు అదే గుర్తు చీటీని మూయును గాని చెఱపదు. చెఱపుటకు మూడు చుక్కలలోని వేఱు ఆజ్ఞ కలదు. పాత యంత్రమునకు అలవాటుపడినవారు క్రొత్తదానియందు చీటీ పోయినదని కంగారుపడుదురు; క్రొత్తదానికి అలవాటుపడినవారు పాతదానియందు నిజముగనే పోగొట్టుకొందురు. విండోస్ 7నకు 2020 జనవరిలోను, విండోస్ 10నకు 2025 అక్టోబరులోను కంపెనీవారి సాధారణ సంరక్షణ ముగిసినది గనుక, పాత యంత్రములు గలవారు ముఖ్యమైన సంగతులను వానియందే ఉంచి నిశ్చింతగా నుండరాదు.

ఇక చీటీలో ఏమి వ్రాయవలెను, ఎట్లు వ్రాయవలెను అను విషయము. మన ఊళ్ళలో ఒకప్పుడు తలుపులమీద "ఓ స్త్రీ రేపు రా" అని వ్రాసెడివారు. రాత్రివేళ వచ్చు దయ్యము ఆ వ్రాత చదివి, రేపు వత్తమని మరలిపోవునట! మఱునాడు వచ్చినను అదే వ్రాత. ఆ దయ్యమునకు ఆ రేపు ఎన్నడును రాదు. మనలో అనేకులు తెరమీది చీటీలో "రేపు బ్యాంకునకు పోవలెను" అని వ్రాసికొని, ఆ దయ్యము వలెనే మోసపోవుచున్నారు. సోమవారము వ్రాసిన రేపు, శుక్రవారమునాడు గూడ రేపుగనే కనబడును. కావున చీటీలో రేపు, ఎల్లుండి, వచ్చేవారము అను మాటలకు చోటీయరాదు. తేదీ వ్రాయవలెను. ఎవరికొరకు, ఏ పని, ఏ తేదీలోపల అను మూడును లేని చీటీ చీటీ కాదు.

చెఱకు పండించు మనకు ఈ సంగతి వేఱుగా చెప్ప నక్కఱలేదు. 1923నుండి 1931 వఱకు మంజీరానదిపై కట్టిన నిజాంసాగరు కాలువనీరు ఈ నేలను తడిపినది. 1937లో బోధను శక్కర్‌నగరున నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. చెఱకు మన ఇంటి పంటయైనది. మొక్కతోట ఏనాడు నాటితిమి, కార్శి ఏనాడు వదలితిమి అను తేదీలనుబట్టియే కోతకు ఉత్తరువు వచ్చెడిది. తేదీ తప్పిన రైతుయొక్క తోట ఎండలో నిలిచి పూతకు వచ్చెడిది. కోసిన చెఱకు గానుగ చేరుట ఆలస్యమైన కొలదియు బరువు తగ్గును, తీపి తగ్గును. చీటీయు కోసిన చెఱకు వంటిదే. వ్రాసిన దినమున దాని అర్థము నిండుగా నుండును. నెల గడచిన తరువాత అందులోని రసము ఇంకిపోయి పిప్పి మిగులును. "ఆయనతో ఆ సంగతి మాటలాడవలెను" అని యుండును. ఏ ఆయన, ఏ సంగతి?

ఇప్పుడు నా ప్రసంగమునకు ప్రధానమైన సందర్భమునకు వచ్చుచున్నాను. శక్కర్‌నగరు ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినది. అందులోను, ఇతర మిల్లులలోను పనిచేసి వృద్ధులైనవారు, 1995నాటి ఉద్యోగుల పింఛను పథకము క్రింద భవిష్యనిధినుండి పింఛను పొందువారు మన చుట్టుప్రక్కల గ్రామములలో కలరు. 2014లో ఆ పింఛనునకు కనీసపు మొత్తము నెలకు 1,000 రూపాయలని నిర్ణయింపబడినది. వినుటకు స్వల్పమే. కాని మందులకు, టీనీళ్ళకు, మనుమని చేతిలో పెట్టు బిళ్ళకు ఆ ముసలివారికి గల స్వతంత్రమైన ఆధార మదియే. ఆ పింఛను సాగవలెనన్నచో తాము జీవించియున్నట్లు ప్రతి సంవత్సరము ధ్రువపత్ర మీయవలెను. 2014 నవంబరులో ప్రారంభమైన జీవన్ ప్రమాణ్ పద్ధతివలన ఈ పని కంప్యూటరుద్వారా జరుగుచున్నది. బస్తాలు మోసి, చెఱకు నఱికి వ్రేలిముద్రలు అరిగిపోయినవారికి ముఖము చూపి ధ్రువపఱచు సౌకర్యముగూడ 2021 నవంబరునుండి కలిగినది.

ఇచ్చట ఒక చిక్కు కలదు. కేంద్రప్రభుత్వ పింఛనుదారులు సాధారణముగా నవంబరు నెలలో ఈ ధ్రువపత్ర మిత్తురు. ఊరంతటికి ఒకటే నెల గనుక ఒకరి నొకరు హెచ్చరించుకొందురు. భవిష్యనిధి పింఛనుదారులకు అట్లు కాదు. వారు ఏనాడు ఇచ్చినను ఆనాటినుండి ఒక సంవత్సరము చెల్లును. ఇది వారి సౌకర్యముకొఱకే ఏర్పడినది. కాని ఒకరి గడువు మార్చిలో ముగియును, మఱొకరిది ఆగస్టులో ముగియును. ఎవరి తేదీ వారే గుర్తుంచుకొనవలెను. డెబ్బది యేండ్లు దాటినవారు, కన్నులు కనబడనివారు, బిడ్డలు దూరదేశములందున్నవారు గుర్తుంచుకొనలేరు. తేదీ దాటును, పింఛను ఆగును. తప్పు చేసినది ఎవరని అడిగిన, ఎవరును కారు, మఱపు చేసినది.

దీనికి అంటుచీటీలతో ఒక ఉపాయము కలదు. గ్రంథాలయపు కంప్యూటరునందైనను, లెక్కలు వ్రాయువాని కంప్యూటరునందైనను పండ్రెండు చీటీలు చేయవలెను. ఒక్కొక్కదానికి ఒక్కొక్క నెల పేరు. గడువు ఏ నెలలో ముగియునో ఆ నెల చీటీలో ఆ వృద్ధుని ఇంటివారు పిలుచుకొను పేరును, తేదీని మాత్రము వ్రాయవలెను. ప్రతి నెల మొదటి దినమున ఆ నెల చీటీని మాత్రము తెఱచి తెరమీద ఉంచి, తక్కిన పదునొకండింటిని మూసియుంచవలెను. గ్రంథాలయమునకు పత్రిక చదువవచ్చు కుఱ్ఱవాడు ఇంటికి పోవుచు, "తాతా! ఈ నెల పందొమ్మిదిలోపల నీ పని కావలెను" అని చెప్పిపోవును. ధ్రువపత్రము ఇచ్చిన వెంటనే ఆ పేరును చీటీలో చెఱపి, పుస్తకములో తేదీతో వ్రాసి, రాబోవు సంవత్సరమున ఏ నెలకు చెందునో ఆ నెల చీటీకి చేర్చవలెను. ఈ పనికి డబ్బు ఖర్చు లేదు. దినమునకు అయిదు నిమిషములు చాలును.

ఈ చీటీ తానుగా గంట మ్రోగించునని భ్రమపడరాదు. అది మౌనసాక్షి. కంప్యూటరు తెఱచి చూచినవానికే అది కనబడును. గంట కావలసినచో క్యాలెండరునందో, ఫోనునందో అలారము పెట్టుకొనవలెను. చీటీ చూచు అలవాటు లేనివానికి చీటీవలన ప్రయోజనము లేదు. పంచాంగము గూట నుంచి ఏకాదశి తెలియలేదనువాని చందముగ నుండును.

పెద్దలలో కొందఱు ఒక ఆక్షేపణ చేయుదురు. వ్రాసికొనుట అలవాటైనచో జ్ఞాపకశక్తి నశించునందురు. ఈ ఆక్షేపణ నేటిది కాదు. పాణినీయ శిక్షయందు అధమపాఠకుల నెంచునపుడు వ్రాత చూచి చదువువానినిగూడ చేర్చిరి. గ్రీకు దేశపు ప్లేటో తన ఫీడ్రస్ అను సంభాషణ గ్రంథమునందు, అక్షరములను కనిపెట్టిన దేవతతో ఈజిప్టు రాజు, "ఇది జ్ఞాపకమునకు గాక మఱపునకు మందగును" అను భావమున వాదించినట్లు వ్రాసెను. మన అవధానులు ఈ మాటకు సజీవ సాక్ష్యములు. అష్టావధానమున ఒకవైపు సమస్య, ఒకవైపు దత్తపది, ఒకవైపు నిషిద్ధాక్షరి. ఎవరో ఎక్కడనో గంట కొట్టుచుందురు, దాని లెక్క చెప్పవలెను. మధ్యలో అప్రస్తుత ప్రసంగమువాడు సంబంధములేని ప్రశ్నలతో బుద్ధిని చెదరగొట్టుచుండును. ఇన్నింటిని ధారణలో నిలిపి చివరకు ఒప్పజెప్పు వారికి చీటీ ఏల?

వారికి వలదు. కాని సభ్యులారా, మన దినచర్యలో అప్రస్తుత ప్రసంగమువాడు మాత్రము ఉదయమునుండి సాయంకాలము వఱకు కలడు. ఫోను రూపమున మన చొక్కాజేబులోనే కూర్చుండియున్నాడు. అవధాని ధారణ మాత్రము మనకు లేదు. నా మనవి ఏమనగా, కంఠస్థము చేయదగిన వస్తువులు వేఱు, వ్రాసి ఉంచదగిన వస్తువులు వేఱు. పోతన పద్యము నోటికి రావలెను. అది లోపల నున్నచో కష్టకాలమున తోడుండును. ప్రక్కింటి ముసలమ్మ ధ్రువపత్రపు గడువు నోటికి వచ్చిన నాకు పుణ్యమేమియు లేదు, మఱచిన ఆమెకు నష్టము కలదు. ఒకరి బ్రతుకు ఆధారపడిన తేదీని మన ధారణాబలమునకు పరీక్షగా పెట్టరాదు. చిల్లర జ్ఞాపకములను చీటీకి అప్పగించినచో మనస్సునందు పద్యమునకు చోటు మిగులును.

ఐనను జ్ఞాపకమును బయటి వస్తువునకు అప్పగించినవాడు ఆ వస్తువును కాపాడుకొనవలెను. శాకుంతల కథ దీనికి నిదర్శనము. శాపవశమున దుష్యంతుడు ఆమెను మఱచెను. గుర్తుగా ఇచ్చిన ఉంగర మొక్కటే ఆధారము. అది నీట జారినది, చేప మ్రింగినది. ఉంగరము లేకపోగా నిండుసభలో నిలిచిన ఇల్లాలి మాట నమ్మినవాడు లేడు. చేప దొఱకి, ఉంగరము బయటపడిన తరువాతగాని రాజునకు జ్ఞాపకము రాలేదు. ఆమె మాటకు మఱొక సాక్ష్య మేదియైన నుండినచో ఆ దుఃఖము తప్పెడిది గదా!

పేరు చెప్పనక్కఱలేని ఒక కార్యాలయమున జరిగిన సంగతి నే నెఱుగుదును. అచ్చట ఒక గుమాస్తా, వచ్చిన రైతుల కోరికలను పుస్తకములో వ్రాయక, తెరమీది చీటీలలోనే వ్రాసికొనెడివాడు. మంచివాడే, శ్రద్ధ కలవాడే. ఒకనాడు యంత్రములోని డిస్కు చెడినది. దానిస్థానమున క్రొత్తది వచ్చినది; అందులో ఒక్క చీటీయు లేదు. మరల కాగితములు తెండని రైతులకు కబురు పంపిరి. దగ్గఱివారు తెచ్చిరి. దూరపు తండాలవారికి కబురే అందలేదు. వారి కోరికను మ్రింగిన చేప ఏ చెఱువులో నున్నదో ఎవ్వరికిని తెలియదు.

కావున చీటీ వేఱు, పద్దు వేఱు అని తెలిసికొనవలెను. పూర్వపు లెక్కలలోను ఈ భేదము కలదు. పగలు హడావిడిలో చిట్టాలో వ్రాసికొన్నదానిని దీపము పెట్టువేళకు ఖాతాలోనికి ఎక్కించెడివారు. ఖాతాకు ఎక్కనిది లెక్కకు రాదు. తెరమీది చీటీ చిట్టాకన్నను తాత్కాలికమైనది. సొమ్ము, భూమి, ఒప్పందము, ధ్రువపత్రము, వీనికి సంబంధించిన ప్రతి విషయమును ఆనాడే పుస్తకములోనికి ఎక్కించి, తరువాతనే చీటీని తీసివేయవలెను. మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించినచో చీటీలకు మఱొకచోట ప్రతి నిలుచును; అది మంచిదే. కాని ఆ ఖాతా రహస్యపదమును మఱచినవానికి ఆ ప్రతియు చేప కడుపులోని ఉంగరమే.

గోడమీది వ్రాత పుస్తకమున కెక్కుటవలన కలుగు మహిమను మన ఇందూరు ఎఱుగును. 1948 ప్రాంతమున నిజాము ప్రభుత్వము దాశరథి కృష్ణమాచార్యులవారిని మన నిజామాబాదు ఖిల్లా జైలులో నిర్బంధించినది. కాగితమును, కలమును లేక, ఆయన బొగ్గుముక్కతో జైలుగోడమీద పద్యములు వ్రాసెను. పల్లెపల్లెకు పుస్తకములు మోసికొనిపోయి అమ్మి, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు ఆ జైలున ఆయనకు తోడుగా నుండిరి. గోడమీది బొగ్గుగీత ఎన్నాళ్ళుండును? తడిగుడ్డతో తుడిచిన పోవును. సున్నము కొట్టిన పోవును. కాని ఆ కాలపు దాశరథి కవిత్వము 1949లో అగ్నిధార యను పుస్తకమై, ఆళ్వారుస్వామిగారికే అంకితమై, నేటికిని మన బీరువాలలో నున్నది. వ్రాయుటకు గోడ చాలును. నిలుచుటకు గ్రంథము కావలెను.

ఇక వ్రాయరానివి చెప్పెదను. ఈ మాట ముఖ్యముగా యువకులకు. బ్యాంకు రహస్యపదము, ఏటీఎమ్ కార్డు నాలుగంకెలు, ఫోనునకు వచ్చు ఓటీపీ, ఆధారు సంఖ్య, పింఛను పత్రపు సంఖ్య, వీనిని తెరమీది చీటీలో ఎన్నడును వ్రాయరాదు. తెరమీద నున్నది వాకిట వ్రాసినట్లే. చదువురాని తల్లి తన కార్డు అంకెలను నీకు చెప్పినదన్న, అది నీయందలి నమ్మకము. ఆ నమ్మకమును పసుపుపచ్చని చీటీమీద వ్రాసి పదిమందికి చూపరాదు. గ్రంథాలయపు కంప్యూటరు అందఱిది గనుక, దానియందు మీ సొంత ఖాతాతో ప్రవేశించి చీటీలు తెఱచినచో, పని ముగియగానే ఖాతానుండి బయటకు రావలెను. లేకున్న తరువాత కూర్చున్నవాడు మీ చీటీలన్నియు చదువును. ఒకవేళ మోసగాండ్ర చేతబడి సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచుకొనక, వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, ఆ సొమ్మును మధ్యలో ఆపుటకు అంత అవకాశము కలదు.

గ్రంథాలయమునకు ఈ చీటీలు చేయు సేవయు స్వల్పము కాదు. గ్రంథాలయ శాస్త్రమునకు ఆచార్యులైన రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన పంచసూత్రములలో నాలుగవది పాఠకుని కాలమును ఆదా చేయవలెనని విధించుచున్నది. ఎవరో ఒక పుస్తకము కావలెనందురు. అది మఱొకరి యింట నుండును. ఆ కోరికను తేదీతో ఒక చీటీమీద వ్రాసి తెర కుడిమూల నుంచినచో, పుస్తకము తిరిగివచ్చిన నిమిషమున అడిగినవారికి కబురు పోవును. పోటీపరీక్షలకు చదువు విద్యార్థులు దరఖాస్తుల గడువులను ఒక రంగు చీటీలోను, ప్రతిదినము చదువవలసిన అధ్యాయమును మఱొక రంగు చీటీలోను వ్రాసికొనవచ్చును. రంగులు మూడింటికి మించకున్నచో మేలు. ఏడు రంగులును వాడినవాని తెర హోళీనాటి వీథివలె నుండును గాని పని తెలియదు.

తుదిగా ఒక్క మాట. కాగితపు చీటీ కొన్నాళ్ళకు దుమ్ముపట్టి తానే రాలిపోవును. తెరమీది చీటీ రాలదు. సంవత్సరములు గడచినను అట్లే పచ్చగా నవ్వుచుండును. అందువలన చీటీలు పేరుకొనును. ఇరువది చీటీలైన తరువాత కన్ను వానిని చూచుట మానివేయును. అప్పుడు ముఖ్యమైన చీటీయు గోడమీది మరకతో సమానమగును. కాబట్టి ప్రతి శనివారము సాయంకాలము ప్రతి చీటీని ఒకమారు చదివి, తీరినదానిని తీసివేసి, తీరనిదానికి క్రొత్త తేదీ వ్రాసి, నిలువదగినదానిని పుస్తకమున కెక్కించుట అలవాటు చేసికొనవలెను. ఆ జిగురు చేయు పనిని తెరమీద మన చేయి చేయవలెను.

చీటీలో మనము ఒకరి పేరు వ్రాసితిమన్న, వారికి మాట యిచ్చితిమన్నమాట. మాట ఋణము. అప్పుపత్రము చింపివేయు ఆనందము అప్పు తీర్చినవానికే తెలియును. పని నెఱవేర్చి చీటీ చెఱపు ఆనందమును అట్టిదే. ఈ గ్రంథాలయపు తెరమీద ప్రతి నెల మొదటి దినమున ఆ నెల వృద్ధుల పేర్లు కనబడుచు, నెల ముగియులోపల ఒక్కొక్కటే మాయమగుచుండునట్లు మన యువకులు పూనుకొనవలెనని కోరుచున్నాను. ఆ చీటీ ఖాళీయైన దినమున, మన యూరిలో ఏ ముసలివారి పింఛనును మఱపువలన ఆగలేదని మనము నిశ్చింతగా నిద్రపోవచ్చును.